ముప్పై ఒక్క జాకెట్లు, పదిహేను రోజులు

ఈ రోజు ఆదివారం, 2025 డిసెంబరు 28. షాపు షట్టర్ సగానికి దించి లోపల కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా గోడకి 2026 టీటీడీ క్యాలెండర్ ఉంది. అందులో జనవరి 12 చుట్టూ, బట్టల మీద గీతలు గీసుకునే చాక్‌తో సున్నా చుట్టాను. చాక్ కదా, రెండు మూడు రోజులకి చెరిగిపోతుంది. మళ్ళీ దిద్దుతాను. ఇప్పటికి నాలుగు సార్లు దిద్దాను. ఆ రోజు సోమవారం, భోగికి రెండు రోజుల ముందు. ఆ రోజు చిరంజీవి ‘మన శంకర వరప్రసాద్ గారు’గా వస్తున్నారు.

ఆలోపల నేను ముప్పై ఒక్క జాకెట్లు కుట్టాలి. అందులో తొమ్మిది లైనింగ్ జాకెట్లు, రెండు మగ్గం వర్క్ చేసి వచ్చినవి, ఒకటి పెళ్ళికూతురిది. పండగ ముందు మా తిరుపతి బైరాగిపట్టెడలో ఏ టైలర్ దగ్గరికి పోయినా ఇదే కథ. అసలే ఎల్లుండి వైకుంఠ ఏకాదశి. అప్పటినుంచి జనవరి 8 దాకా పది రోజులు కొండమీద ద్వార దర్శనం. ఊరంతా జనమే. మా ఆయన కొండకి ట్యాక్సీ నడుపుతారు కాబట్టి ఆ పది రోజులు ఇంటికి భోజనానికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆయనకి నేను ముందే చెప్పాను: “పన్నెండో తేదీ ఏ బాడుగా ఒప్పుకోవద్దు.” ఆయన సరే అన్నారు. ఆయన సరే అంటే నిజంగా సరే అన్నట్టు, అది ఇరవై మూడేళ్ళుగా చూస్తున్నాను.

నలభై ఆరేళ్ళ దాన్ని, సినిమాకి ఇంత ఎదురుచూపా అని మా వీధిలో ఒకరిద్దరు అడిగారు. ఎందుకో మాటల్లో చెప్పడం రాక ఆ రోజు ఊరుకున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన జెంట్స్ టైలరు. గాంధీ రోడ్డు పక్క సందులో చిన్న గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ పెట్టె. నేను హోంవర్క్ చేసుకున్నదీ, కాజాలు కుట్టడం నేర్చుకున్నదీ ఆ గదిలోనే. 1991లో ‘గ్యాంగ్ లీడర్’ వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. కుర్రాళ్ళు పేపర్లో వచ్చిన బొమ్మ చింపుకొచ్చి, “ఇదే మాదిరి చొక్కా కావాలన్నా” అని నాయన ముందు పెట్టేవాళ్ళు. నాయన ఆ బొమ్మని కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకుని భుజం ఎక్కడ దిగింది, కాలరు ఎంత వెడల్పు, చేయి ఎన్ని మడతలు అని చూసేవాడు. అందరూ చిరంజీవి మొహం చూస్తుంటే, మా ఇంట్లో కుట్టు చూసేవాళ్ళం. అలా చూసీ చూసీ నాకు ఒకటి అర్థమైంది. అందరూ ఆయన డ్యాన్స్ అంటారు, ఫైట్లు అంటారు. నా కంటికి ముందు కనపడేది ఆయన కామెడీ. ఆ కామెడీ మాటల్లో కన్నా భుజాల్లో, మెడలో, కాలరు సర్దుకునే చేతిలో ఎక్కువ ఉంటుంది.

నాయన ఈ మాటే ఇంకో రకంగా చెప్పేవాడు. “అమ్మణ్ణీ, హీరో చొక్కా ఎవరైనా కుడతారు. నవ్వించేవాడి చొక్కాకి చంకలో రెండు వేళ్ళు ఎక్కువ లూజు పెట్టాలి. వంగుతాడు, ఎగురుతాడు, కింద పడతాడు. ఎక్కడా పట్టేయకూడదు, అట్లాగని వేలాడకూడదు.” టైలర్ పని తెలిసినవాళ్ళకి ఇది ఎంత కష్టమో తెలుసు. చంకలో లూజు పెడితే భుజం జారుతుంది. భుజం బిగిస్తే చేయి పైకి లేవదు. రెంటికీ మధ్య ఒక అరంగుళం ఉంటుంది, అక్కడ పట్టుకోవాలి. చిరంజీవి నవ్వించేటప్పుడు నాకు ఆ అరంగుళమే కనిపిస్తుంది. ఇంకొంచెం చేస్తే అతి అయిపోతుంది అనుకునే చోట ఆగిపోతాడు.

నేను హాల్లో చూసిన మొదటి సినిమా ఏదో నాకు గుర్తు లేదు గానీ, హాల్లో కూర్చున్న మొదటి జ్ఞాపకం మాత్రం ‘చంటబ్బాయ్’. 1986, నాకు ఏడేళ్ళు. నాయన ఒళ్ళో కూర్చున్నాను. మా నాయన నవ్వితే శబ్దం రాదు. నోరు కూడా పెద్దగా తెరవడు. భుజాలు మాత్రం ఊగుతాయి. ఆ రోజు సినిమా సగం నాకు అర్థం కాలేదు. కథ కూడా తెలియలేదు. కానీ వెనక నాయన ఊగుతుంటే నేనూ ఊగాను. ఎడ్లబండిలో కూర్చున్నట్టు ఉండింది. తర్వాత పెద్దయ్యాక టీవీలో ఎన్ని సార్లు చూశానో లెక్కలేదు. జంధ్యాల గారి సినిమా, మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవల నుంచి తీసింది. అందులో చిరంజీవి పేరు పాండురంగారావు, తనకి తాను పెట్టుకున్న పేరు జేమ్స్ పాండ్. డిటెక్టివ్. అప్పటికే ‘ఖైదీ’ వచ్చి మూడేళ్ళయింది, ఊరూరా ఆయన్ని మాస్ హీరో అంటున్నారు. అలాంటి మనిషి మీసం తీసేసి చీర కట్టుకుని నిలబడ్డాడు, చాప్లిన్ వేషం వేసి ఆడాడు. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

ఆడవేషం సంగతి వచ్చింది కాబట్టి మా ఊరి మాట ఒకటి చెప్పాలి. తిరుపతి గంగజాతర తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఎండాకాలంలో తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని గుడికి వస్తారు. జెంట్స్ టైలర్ అయిన మా నాయన జాకెట్లు కుట్టింది సంవత్సరం మొత్తంలో ఆ ఒక్క వారమే. పెద్ద మీసాల మనిషికి కొలతలు తీసి జాకెట్టు కుట్టడం ఆయనకి మామూలు పని. భక్తితో కుట్టేవాడు, డబ్బు కూడా ఎక్కువ అడిగేవాడు కాదు. వాళ్ళు వేసుకుని నడుస్తుంటే మాత్రం పరీక్షగా చూసేవాడు. “చీర కట్టిన మగవాళ్ళు నడుం గుర్తుపెట్టుకుంటారు, భుజం మరిచిపోతారు. భుజం చూడగానే దొరికిపోతారు” అనేవాడు. ‘చంటబ్బాయ్’లో చిరంజీవి భుజం మరిచిపోలేదు. ఆ సీన్ వచ్చినప్పుడల్లా నాయన తల ఊపుతూ “చూడు, భుజం చూడు” అంటాడు. నలభై ఏళ్ళ నుంచి అదే మాట, అదే చోట.

ఆ తర్వాత ‘యముడికి మొగుడు’. 1988. కైకాల సత్యనారాయణ గారు యముడు, అల్లు రామలింగయ్య గారు చిత్రగుప్తుడు. యముడితో వాదించే మనిషి ఎంత తేలిగ్గా నిలబడాలో ఆయన అట్లా నిలబడ్డాడు. 1991లో ‘రౌడీ అల్లుడు’, అందులో రెండు పాత్రలు. మొహం ఒకటే, మనుషులు మాత్రం ఇద్దరు. ఆటో జానీ వంగిన తీరు వేరు, రెండో ఆయన కోటు వేసుకున్న తీరు వేరు. బొంబాయి ఆటో డ్రైవర్ చొక్కా గుండీలు ఎన్ని తీసి ఉంచాలో కూడా ఆలోచించి చేసినట్టుంటుంది.

2004లో ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ వచ్చేసరికి నాకు పెళ్ళయి మూడో సంవత్సరం, ఏడో నెల కడుపు. మా అత్త వద్దంది, అమ్మ వద్దంది. మా ఆయన మాత్రం ఒక దిండు, ఒక నీళ్ళ సీసా పట్టుకుని నన్ను తీసుకుపోయారు. హాల్లో పక్క సీట్లో కూర్చున్న పెద్దామె, ఎవరో తెలియదు, నేను గట్టిగా నవ్వినప్పుడల్లా నా పొట్ట మీద చెయ్యి పెట్టి “మెల్లగా తల్లీ, మెల్లగా” అనేది. ఆమె కూడా నవ్వుతూనే అనేది. డిసెంబరులో మావాడు పుట్టాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఒకటి, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. వాడు ప్రభాస్ మనిషి. ప్రభాస్ సినిమా జనవరి 9న, మాది 12న. ఇంట్లో గొడవ లేకుండా దేవుడే మూడు రోజులు తేడా పెట్టాడు.

ఇంత ఎదురుచూపు ఎందుకంటే ఇంకో కారణం ఉంది. 2023 ఆగస్టు తర్వాత చిరంజీవి సినిమా హాల్లోకి రాలేదు. రెండు సంక్రాంతులు ఆయన లేకుండా పోయాయి. మధ్యలో ఆయనకి పద్మవిభూషణ్ వచ్చింది, డ్యాన్సులకి గిన్నిస్ రికార్డు వచ్చింది, రెండూ 2024లోనే. సంతోషించాను, మిఠాయి కూడా పంచాను. కానీ నాకు కావలసింది వేరే. మొదటి నుంచి చివరి దాకా నవ్వించే సినిమా ఒకటి. ఈ మధ్య వచ్చిన వాటిలో కామెడీ అక్కడక్కడా ఉంది, ‘వాల్తేరు వీరయ్య’ మొదటి సగంలో బాగానే నవ్వాను. అయినా ముక్కలు ముక్కలుగా దొరకడం వేరు, బట్టల తాను మొత్తం విప్పి పరచడం వేరు.

అందుకే 2025 ఉగాది రోజు అనిల్ రావిపూడి సినిమా మొదలైందని తెలిసినప్పుడు కత్తెర కింద పెట్టేశాను. ఆయన సంక్రాంతి మనిషి. 2019లో ‘ఎఫ్2’, 2020లో మహేష్ బాబు సినిమా, 2025లో ‘సంక్రాంతికి వస్తున్నాం’, అన్నీ పండక్కి వచ్చినవే. మొన్న సంక్రాంతికి వెంకటేష్ సినిమాకి మా వీధి నుంచి పద్నాలుగు మంది కలిసి పోయాం. చాలా ఏళ్ళుగా హాలు ముఖం చూడని ముసలివాళ్ళు కూడా వచ్చారు. ఇప్పుడు ఈ సినిమాలో చిరంజీవి పక్కన వెంకటేష్ కూడా కొంచెంసేపు కనిపిస్తారట. మా ఆయన వెంకటేష్ మనిషి కాబట్టి ఆ రోజు బాడుగ మానుకోవడానికి ఆయనకీ ఒక కారణం దొరికింది.

ఆగస్టు 22న, చిరంజీవి డెబ్బయ్యో పుట్టినరోజున, పేరు బయటపెట్టారు. ‘మన శంకర వరప్రసాద్ గారు’. ఆయన అసలు పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్ అని అభిమానులందరికీ తెలుసు. అదే పేరుని సినిమాకి పెట్టడం చూసి ఆ రోజు నాకు గొంతు పట్టేసింది. ముందర ‘మన’, చివర ‘గారు’ చూడండి. మనవాడు అనుకున్నవాడిని మామూలుగా గారు అనం. గారు అన్నవాళ్ళని మనవాళ్ళు అనుకోవడానికి కొంచెం జంకుతాం. ఏళ్ళ తరబడి మా షాపుకి వచ్చే స్కూలు టీచరమ్మ ఒకామె ఉన్నారు, ఆమెని మాత్రమే నేను ‘మన టీచర్ గారు’ అంటాను. అట్లా రెండూ కలిపి పిలిపించుకోవాలంటే చాలా కాలం పడుతుంది.

ఇప్పటికి రెండు పాటలు వచ్చాయి. భీమ్స్ సంగీతం. మొదటిది ‘మీసాల పిల్ల’, ఉదిత్ నారాయణ్, శ్వేతా మోహన్ పాడారు. అలిగిన నయనతారని చిరంజీవి బతిమాలుకునే పాట. ఉదిత్ గొంతు వినగానే 1998లో ఆయన చిరంజీవికి పాడిన ‘రామ్మా చిలకమ్మా’ గుర్తొచ్చింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, ఆ పాట వేసుకుని చీరలకి ఫాల్స్ కుట్టేదాన్ని. ఇప్పుడు మీసాల పిల్ల వేసుకుని హుక్కులు కుడుతున్నాను. రోజుకి ఎన్ని సార్లు వింటున్నానో చెప్పలేను, ఎదురు కొట్లో పాలు అమ్మే అబ్బాయికి కూడా కంఠతా వచ్చేసింది.

ఒక చిన్న భయం కూడా ఉంది, దాచుకోను. ఈ డైరెక్టర్ సినిమాల్లో భార్యల మీద జోకులు ఎక్కువ. మొగుడికి ప్రాణం విసిగించే పెళ్ళాం అనే లెక్క. నవ్వాను, నవ్వలేదని అనను. కానీ నవ్వాక ఒక్కోసారి గొంతులో నలక పడ్డట్టుండేది. షాపు తీసి, ఇల్లు చూసి, ముసలాయనకి మందులు వేసి, రాత్రి పదకొండుకి మిషన్ ఆపే ఆడవాళ్ళు అలుగుతారు. ఆ అలకకి కారణం ఉంటుంది. పాటలో నయనతార ముఖం చూస్తే ఆమె అలక ఊరికే వచ్చింది కాదు అనిపించింది. చిరంజీవి బతిమాలడంలో కూడా ఎగతాళి లేదు, నిజంగా తప్పు చేసినవాడి వంగడం ఉంది. సినిమా అంతా అట్లాగే ఉండాలని కోరుకుంటున్నాను. భార్యని చిన్నబుచ్చకుండా నవ్వించడం చిరంజీవికి చేతనవును, అది నాకు నమ్మకం.

చిరంజీవి అంటే మా ఊళ్ళో సినిమా ఒక్కటే కాదు, ఆ సంగతి తెలుసు. 2008 ఆగస్టు 26న ఇక్కడే పార్టీ పెట్టారు. ఆ రోజు మా రెండు గదుల ఇంట్లో నెల్లూరు, కడప చుట్టాలు పదకొండు మంది దిగారు. నేనూ అమ్మా తెల్లవారుజామున మూడింటికి లేచి చిత్రాన్నం కలిపాం. 2009లో ఆయన మా ఎమ్మెల్యే అయ్యారు. ఆ విషయాల మీద మా వీధిలో ఒక్కొక్కరిది ఒక్కో మాట, ఇప్పటికీ వాదించుకుంటారు. నేను ఆ వాదనలోకి పోను. నాకు ఆయన ఏడేళ్ళప్పుడు హాల్లో పరిచయమైన మనిషి.

ఇక అసలు సంగతి. నాయనకి ఇప్పుడు డెబ్బై నాలుగు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. మూడేళ్ళుగా రెండు కళ్ళలో శుక్లాలు. ముందు సూదిలో దారం ఎక్కించడం మానేశాడు, తర్వాత కాజాలు మానేశాడు, తర్వాత షాపుకి రావడమే మానేశాడు. పోయిన సంక్రాంతికి వెంకటేష్ సినిమాకి మాతో వచ్చాడు గానీ, అందరూ నవ్వుతుంటే “ఏమైంది, ఏం చేశాడు?” అని నన్ను అడుగుతూ ఉన్నాడు. నేను చెప్పేసరికి ఇంకో నవ్వు అయిపోయేది. మాటలు వినపడుతున్నాయి, మనిషి ఎట్లా కదిలాడో కనపడటం లేదు. భుజం చూసి నవ్వే మనిషికి చెవులు ఏం సరిపోతాయి? ఆ రోజు ఆయన భుజాలు ఒక్కసారి కూడా ఊగలేదు. ఇంటికొచ్చాక సంగటి కూడా సరిగ్గా తినలేదు.

ఎంత చెప్పినా ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చాడు. అక్టోబరులో ‘మీసాల పిల్ల’ పాట నా ఫోన్లో పెట్టి ఆయన ముందు పట్టుకున్నాను. కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూసి, ఫోన్ నా చేతికిచ్చి, “ఎట్లాంటి చొక్కా వేసినాడమ్మణ్ణీ?” అని అడిగాడు. నేను చెప్పాను. చాలాసేపు ఊరుకుని, “డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోదాం?” అన్నాడు. మూడేళ్ళు నేను, మా ఆయన, మావాడు చెప్పి చెప్పి అలిసిపోయిన మాట ఆయనే అడిగాడు.

డిసెంబరు మొదటి వారంలో కుడి కంటికి చేశారు. లెన్స్ వేశారు. మరుసటి రోజు కట్టు విప్పగానే నాయన మొదట చూసింది డాక్టర్‌ని కాదు, డాక్టర్ తెల్లకోటు జేబుని. “కుట్టు వంకరగా పోయింది సార్” అన్నాడు. ఆయన నవ్వి, “అయితే బాగా కనపడుతోందన్నమాట” అన్నారు. చుక్కల మందు రోజుకి ఇన్నిసార్లని చీటీ రాసిచ్చారు, తలస్నానం కొన్నాళ్ళు వద్దన్నారు, దుమ్ములోకి పోకూడదన్నారు. నేను అన్నీ విని, చివర్లో జనవరి 12 సంగతి అడిగాను. అప్పటికి నెల దాటుతుంది, నల్లద్దాలు పెట్టుకుని తీసుకుపోండి, పరవాలేదన్నారు. నల్లద్దాలతో సినిమా ఎట్లా చూస్తారని నాయన అడిగితే, హాలు లోపల తీసేయొచ్చని చెప్పారు. ఎడమ కన్ను పండగ తర్వాత చేయించాలి.

మొన్న గురువారం షాపుకి వచ్చాడు, మూడేళ్ళ తర్వాత. స్టూల్ మీద కూర్చుని, ఎడం కన్ను చేత్తో మూసుకుని, సూది వెలుతురుకి పట్టుకుని దారం ఎక్కించాడు. రెండోసారికే ఎక్కింది. నాకు చూపించలేదు, చెప్పలేదు, గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు హుక్కుల పని ఆయనే చేస్తున్నాడు, రోజుకి గంట కన్నా ఎక్కువ వద్దని నేను గడియారం పెట్టి లేపుతున్నాను. ముప్పై ఒక్కటి అని పైన రాశాను కదా, ఆయన సాయం లేకపోతే అది నలభై దగ్గర ఉండేది.

పండగకి చంద్రగిరి పక్క మా అత్తగారి ఊరికి పోవాలి. కనుమకి అక్కడ పశువుల పండగ, పోకపోతే మాట వస్తుంది. కాబట్టి పన్నెండో తేదీ తప్ప ఇంకో రోజు మాకు కుదరదు. టికెట్లు పెట్టగానే ఐదు బుక్ చెయ్యమని మావాడికి చెప్పాను, నాయన, నేను, ఆయన, వాడు, ఇంకొకటి టీచర్ గారికి. హాలు ఏదైనా పరవాలేదు, మెట్లు తక్కువ ఉంటే చాలు. ఉదయం ఆట దొరికితే బాగుంటుంది, మధ్యాహ్నం చుక్కల మందు టైముకి ఇంటికి వచ్చేయొచ్చు.

ఇది రాస్తుంటే నాయన లోపలికి వచ్చాడు. చేతిలో పెళ్ళికూతురి జాకెట్టు, హుక్కులన్నీ అయిపోయాయి. మావాడికి ఫోన్ చెయ్యమన్నాడు. చేసి స్పీకర్ పెట్టాను.

“ఒరే, ఈ బుకింగులో సీటు మనమే ఎంచుకోవచ్చా?”

“ఎంచుకోవచ్చు తాతా.”

“అయితే నాకు కుడి కన్ను తెర నడిమధ్యకి ఉండేట్టు చూడు. కుడి పక్కనా ఎడం పక్కనా ఏది మంచిదో ఆలోచించి చెప్పు. అంతదాకా బుక్ చెయ్యొద్దు.”